జపాన్ వీసాకు నా ఎడమ చెంప

జపాన్ ఎప్పుడు వెళ్ళాలో మాకు పంచాంగం చెప్పింది. నవ్వులాటకు అనడం లేదు. మేం నలుగురం ఫోటోల పిచ్చివాళ్ళం. నలుగురివీ నాలుగు రకాల బతుకుతెరువులు. ఒకరు తీరిగ్గా ఉన్నప్పుడు ఇంకొకరికి తల గోక్కోవడానికి కూడా టైముండదు.

నెల్లూరులో ఫోటో స్టూడియో నడిపే తమ్ముడు పెళ్ళిళ్ళ మీద బతుకుతాడు. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, నన్ను అక్కా అంటాడు కాబట్టి నాకు తమ్ముడు. ముహూర్తాలున్న నెలల్లో వాడి ముఖం వాడి పెళ్ళానికే కనిపించదు. గూడూరు మార్కెట్లో నిమ్మకాయల వ్యాపారం చేసే పెద్దాయన్ని మేమందరం అన్నా అంటాం. ఎండలు ముదిరి నిమ్మకాయకు రేటు వచ్చే రోజుల్లో ఆయన్ని మార్కెట్లోంచి తాళ్ళు కట్టి లాగినా రాడు. మూడో అతను పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెవాడు. ఇంటిల్లిపాదీ చేపల వేటకు పోయేవాళ్ళే, ఇతనొక్కడు పడవలకు ఐసు సరఫరా చేసే వ్యాపారం పెట్టుకున్నాడు, అందుకే నాకు ఐసు తమ్ముడు. వేసవిలో వేట నిషేధం ఉన్నన్నాళ్ళే అతనికి విశ్రాంతి. నేను బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఒక గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. పరీక్షల కాలంలో సెలవు అడిగితే మా హెడ్మాస్టరు నా వంక చూసే చూపు నాకు తెలుసు.

ఏడేళ్ళ కిందట నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల ఫోటోలు తీస్తూ ఒకళ్ళ ఫ్రేముకు ఒకళ్ళం అడ్డం వచ్చి, తిట్టుకుని, ఆ తర్వాత టీ తాగి స్నేహితులమయ్యాం. అప్పట్నుంచి చలికాలంలో దాదాపు ప్రతి ఆదివారం పులికాట్ నీళ్ళ మీదో, నేలపట్టు చెట్ల కిందో ఉంటాం. జపాన్ మాట మొదట ఎత్తింది అన్న. ఫోన్లో ఏవో ఫోటోలు చూసి, బతికుండగా ఒక్కసారి ఆ దేశంలో కెమెరా పట్టుకుని నిలబడాలి అన్నాడు. ఆ రోజు నవ్వేశాం. తర్వాత మా నలుగురిలో ఒక్కరికి కూడా ఆ మాట బుర్రలోంచి పోలేదు.

చెర్రీ పూల కాలం చూద్దామంటే అది సరిగ్గా పరీక్షలు, నిమ్మకాయలు, పెళ్ళిళ్ళు మూడూ కలిసి వచ్చే కాలం. ఆకులు ఎర్రబడే కాలం చూద్దామంటే మాకు తుఫాన్ల కాలం, పైగా కార్తీక మాసం పెళ్ళిళ్ళు. వేసవి చివర నిమ్మకాయకు రేటు పడి, పెళ్ళిళ్ళు తగ్గాక మేం తీరిగ్గా ఉంటాం కానీ అప్పుడు అక్కడ వానలు. ఇక మన వల్ల కాదని వదిలేసుకుంటున్న సమయంలో, ఉగాది వెళ్ళిన వారానికి స్టూడియో తమ్ముడు కొత్త పంచాంగం పట్టుకుని అన్న కొట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఈసారి శుక్రమూఢం మాఘమాసాన్ని కూడా మింగేసినాది! ముహూర్తాలే లేవు!"

తన వ్యాపారం ఒక సీజను మునిగిపోతుంటే అంత ఆనందపడ్డ మనిషిని నేను వాణ్ణే చూశాను. జనవరి నెలాఖరంటే నిమ్మకాయలకు రేటుండదు. ఐసు వ్యాపారం చూసుకోవడానికి ఐసు తమ్ముడికి తోడబుట్టిన అన్న ఉన్నాడు. నాకు వాడుకోని సెలవులు బోలెడున్నాయి. అలా ముహూర్తాలు లేని రోజుల్లో మా ప్రయాణానికి ముహూర్తం కుదిరింది.

ఆ చలిలో అక్కడ తీయడానికి ఏముంటుందంటే కొంగలున్నాయి. జపాన్ ఉత్తరాన, మంచు కప్పిన పొలాల్లో, మనిషంత ఎత్తున తెల్లటి కొంగలు జంటలు జంటలుగా గంతులేస్తాయి. తెల్లటి ఒళ్ళు, నల్లటి మెడ, నడినెత్తిన ఎర్రటి బొట్టు. వాటిని మంచులో తీయాలన్నది నా కోరిక. చిన్న కోరికేం కాదు. నాకు యాభై రెండేళ్ళు, చెన్నై దాటి బయటి ప్రపంచం ఎరగను. ఆ కొంగల కోసం కొత్త లెన్సు కొన్నాను, చలికోట్లు కొన్నాను, కనిపించిన ప్రతి వీడియో చూశాను. రాత్రి కలలో కూడా అవే.

"కొంగల కోసం జపాన్‌కు పోవాల్నా? సంగం కాలవ కింద దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు యెనకాల మంద మంద ఉంటాయి గదా" అన్నాడు మా ఆయన. ఆయనకు సంగం దగ్గర వరిపొలం ఉంది. కొంగల మీద ఆయన అభిప్రాయం అంతకు మించి ఎప్పుడూ మారలేదు.

"నీకు బాధ లేదు బావా" అన్నాడు ఆ పూట మా ఇంట్లోనే ఉన్న ఐసు తమ్ముడు. "నేను పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టేవాణ్ణి, మళ్ళా అదే ఐసు చూడ్డానికి అంత దూరం పోతా ఉండా."

మంచులో తెల్లటి పక్షిని తీయడం మాకు రాదు. కెమెరాకు తెల్లదనం కిట్టదు, ఎంత తెల్లటి దాన్నయినా బూడిద రంగుకు లాగుతుంది. దాన్ని మనం చేత్తో సరిచేసుకోవాలి. నెల్లూరు జిల్లాలో మంచు ఎక్కడ తెచ్చుకోం? అందుకని ఉప్పుకొటార్లకు వెళ్ళాం. సముద్రం నీళ్ళు మడుల్లో ఆరబెట్టి ఉప్పు తీసే చోటు అది. వానలు పడకముందు అక్కడ ఉప్పు కుప్పలు కుప్పలుగా పోసి ఉంటుంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో, తల మీద తువ్వాళ్ళు కప్పుకుని, చెమటలు కార్చుకుంటూ మేం జపాన్ మంచు ప్రాక్టీసు చేశాం. ఉప్పు ఎత్తే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి కడుపుబ్బ నవ్వుకున్నారు. నా కోసం కొంగ వేషానికి అన్న ఒప్పుకుని, తెల్ల చొక్కా తెల్ల పంచెతో ఉప్పు కుప్పల మధ్య అటూ ఇటూ నడిచాడు.

అక్కడే ఒక సంగతి జరిగింది. తెల్లటి ఫోటోల్లో కెమెరా లోపలి దుమ్ము బయటపడుతుంది. ఆకాశంలోనో చెట్లలోనో కనిపించని చుక్కలు ఉప్పు మీద నల్లగా తేలతాయి. స్టూడియో తమ్ముడు నా కెమెరా వెనక తెర మీద ఫోటో పెద్దది చేసి చూస్తూ, "అక్కా, ఇక్కడ చూడు, నీ ఫోటోలో మ..." అని ఆగిపోయాడు. ఒక గుటక మింగి, "దుమ్ము ఉండాది, క్లీన్ చెయ్యాల" అన్నాడు.

వాడు మింగిన మాట మచ్చ. ఫోటోలో మచ్చ పడింది అని ఈ ఊళ్ళో ఏ ఫోటోగ్రాఫరైనా అంటాడు. వీళ్ళు ముగ్గురూ మాత్రం నా ముందు అనరు. ఆ మాట లేకుండా మాట్లాడడం వాళ్ళు ఎక్కడో నేర్చుకున్నారు. ముక్కు మీద మచ్చలుండే గూడబాతును ఉత్త గూడబాతంటారు. మచ్చల జింక వీళ్ళకు చుక్కల జింక. జపాన్ కొంగ నెత్తిన ఉండేది నిజానికి ఎర్రటి మచ్చే, అది వీళ్ళ నోట్లో బొట్టయింది. ఆఖరికి అన్న, మార్కెట్లో నిమ్మకాయల మీద మచ్చలొచ్చి రేటు పడిపోయిన ఏడాది కూడా, నాతో "కాయ బాగాలేదు టీచరమ్మా" అనే చెప్పాడు.

ఎందుకంటే నా ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది. పెసరగింజంత అందమైన పుట్టుమచ్చ కాదు. కంటి కింద మొదలై దవడ దాకా, నేరేడు పండు నలిపి రాసినట్టుంటుంది. క్లాసులో కొత్త పిల్లలు మొదటి రోజు దాన్ని చూస్తారు, రెండో రోజుకు లెక్కల భయంలో పడి మర్చిపోతారు. పెద్దవాళ్ళే మర్చిపోరు.

ఉప్పుకొటార్ల దగ్గర నేను వాడి చేతిలోంచి కెమెరా తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. వాళ్ళ మర్యాద నాకు ఇష్టమా కాదా అని అడిగితే, ఆ రోజుకు ఇష్టమే అని చెప్పేదాన్ని.

వీసా ఫోటోలు మనమే తీసుకుందాం అన్నాడు స్టూడియో తమ్ముడు. నలుగురం ఫోటోగ్రాఫర్లం, ఇంకెవరి దగ్గరికో పోయి తీయించుకుంటే సిగ్గుచేటు కదా. ముగ్గురు మగవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటూ స్టూలు మీద కూర్చుని లేచారు. అన్న మీసానికి రంగు వేసుకుని వచ్చాడు. "ఆ కొంగలేమన్నా నిన్ను పెళ్ళి చేసుకుంటాయా అన్నా?" అని ఐసు తమ్ముడు ఒకటే ఏడిపించాడు.

నా వంతు వచ్చేసరికి స్టూలు తుడిచే వంకతో కాసేపు నిలబడ్డాను. నేను కెమెరా పట్టుకున్నదే నా ఫోటో తీయకుండా ఉంటారని. కెమెరా వెనకున్న మనిషిని ఎవరూ తీయరు. పాస్‌పోర్టు ఆఫీసులో తప్పలేదు. అక్కడి అమ్మాయి నా వంక సరిగ్గా చూడను కూడా చూడకుండా నొక్కేసింది కాబట్టి నొప్పి తెలియలేదు. ఇక్కడ కూడా రెండు నిమిషాల్లో అయిపోయింది. వాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో చేసి, ప్రింట్లు తీసి, కవర్లలో పెట్టి ఇచ్చాడు. నేను నా కవరు తెరిచి చూడలేదు. నా ఫోటోలు నేను చూసుకోను.

ఇంట్లో ఆ కవరు తెరిచింది మా ఆయన. కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "ఎవురీమె?" అన్నాడు.

"బాగుంది సంబడం. నేనే" అన్నాను, తమాషాకు అంటున్నాడనుకుని. ఆయన ఇంకోసారి చూసి, బల్ల మీద పెట్టేసి మోటరు వేయడానికి వెళ్ళిపోయాడు. మా కాగితాలన్నీ ఆ వారమే చెన్నైలో వీసాలు చూసే ఏజెంటుకు చేరాయి. పని సులువుగా ఉంటుందని ఆమెను మా వాట్సాప్ గ్రూపులో కూడా చేర్చాం.

మధ్యాహ్నం భోజనాల వేళ, స్టాఫ్ రూములో ఉండగా ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది. నా కుడిచెయ్యి పప్పన్నంలో ఉంది. ఎడమచేతి వేలితో నొక్కితే స్పీకర్లోనే మోగింది.

"సార్, మీ మూడు ఫోటోలూ మరీ తెల్లగా ఉండాయి సార్, ముగ్గురూ అన్నదమ్ముల మాదిరి ఉండారు. మళ్ళీ తీసి పంపండి. మేడం ఫోటో అయితే అస్సలు కుదరదు. పాస్‌పోర్టులో మేడం బుగ్గ మీద పెద్ద మచ్చ ఉంది కదా సార్? మీరు పంపిన ఫోటోలో ఆ మచ్చే లేదు. వేరే ఎవరో అనుకుంటారు. మచ్చ కనిపించాల సార్, దయచేసి మచ్చ తీయకండి."

ఏజెంటు తప్పేం లేదు. ఆమె తన పని చేసింది. కానీ స్టాఫ్ రూములో ఉన్నవాళ్ళందరి తలలూ ఒక్కసారిగా టిఫిన్ డబ్బాల్లోకి వంగాయి. నేను తినడం ఆపకుండా చివరి ముద్ద దాకా తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

ముగ్గురికీ తెల్లరంగు పూసి నున్నగా చేసినవాడు నన్ను కూడా అలాగే చేశాడని తెలుస్తూనే ఉంది. వాడి వృత్తే అది. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, పెళ్ళికొడుకుల కళ్ళ కింద నలుపు, ముసలమ్మల ముడతలు అన్నీ తీసేసి తీసేసి, ముఖం కనిపిస్తే చాలు, వాడి చెయ్యి తుడవడం మొదలుపెడుతుంది. అంతవరకు నాకు అర్థమైంది. అయినా కోపం ఆగలేదు. ఆ కోపం అంతా వాడి మీదది కాదు. కొంత వాళ్ళ నాన్న మీదది.

ఆ స్టూడియో వాడి తండ్రిది. అప్పట్లో కంప్యూటర్లు లేవు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో గీసి ముఖాలు బాగుచేసేవాళ్ళు, దాన్ని టచింగ్ అనేవాళ్ళు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు పెళ్ళి సంబంధాలకు పంపడానికి మా అమ్మ నన్ను అక్కడికే తీసుకెళ్ళింది. ఆయన టచింగ్ చాలా గొప్పగా చేశాడు. ఫోటో చూసి కావలి నుంచి ఒక సంబంధం వాళ్ళు ఎగురుకుంటూ వచ్చారు. నేను కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వెళ్ళగానే పెళ్ళికొడుకు పెద్దమ్మ నా చెంప వంక, చేతిలో ఫోటో వంక మార్చి మార్చి చూసి, "ఇదేంది, ఫోటోలో లేదే!" అంది. సరుకు తేడా వచ్చినట్టు. కాఫీలు తాగి మరీ వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఫోటో అనే మాట ఎత్తితే నేను ఇంట్లో ఉండేదాన్ని కాదు. మా ఆయన్ను మా మేనత్త ఇంట్లో ఫోటో లేకుండానే చూశాను, ఆయన నన్ను ముఖాముఖి చూశాడు, అయిపోయింది.

ఇప్పుడు యాభై దాటాక మళ్ళీ అదే స్టూడియో, అదే పని. జపాన్ వీసా దగ్గర కూడా ఫోటోలో లేదే అన్న మాటే వచ్చింది.

సాయంత్రం బడి వదిలాక ఖాళీ క్లాసులో కూర్చుని, ఫోనులో మా గ్రూపు ఫోటోలు మొదట్నుంచీ చూశాను. ఎప్పుడూ చూడని దాన్ని, ఆ రోజు చూశాను. నేలపట్టులో నలుగురం, పడవ మీద నలుగురం, టీ కొట్టు ముందు నలుగురం. అన్నీ స్టూడియో తమ్ముడు స్టాండు మీద కెమెరా పెట్టి, నేను వద్దంటున్నా పక్కకు లాగి తీసి, ఇంటికెళ్ళాక సరిచేసి పంపినవే. ఏ ఒక్కదాంట్లోనూ నా చెంప మీద ఏమీ లేదు. నున్నటి చెంపలావిడ ఎవరో నా చీరలు కట్టుకుని, నా కెమెరా మెడలో వేసుకుని, నా స్నేహితుల పక్కన నిలబడి నవ్వుతోంది. ఏడేళ్ళుగా వీళ్ళు ఆవిడతో తిరిగారన్నమాట, నాతో కాదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

గ్రూపులో ఒక్క ముక్క రాశాను: నేను రావడం లేదు, మీరు ముగ్గురూ వెళ్ళి రండి. ఏజెంటు మాత్రం కొత్త ఫోటో వచ్చే సోమవారానికల్లా అందకపోతే ఈ తేదీలకు వీసా కష్టమని విడిగా రాసింది. నేను జవాబివ్వలేదు. వెళ్ళాలని లేక కాదు. కొత్త లెన్సు బీరువాలో ఉంది, చీర కోసం తలుపు తీసినప్పుడల్లా దాని పెట్టె ముట్టుకుని చూసేదాన్ని. కానీ మంచులో ఆ కొంగల ముందు నేను నిలబడితే పక్కనున్న ముగ్గురికీ కనపడేది నేను కాకపోతే, ఇంక ఆ ప్రయాణం ఎందుకు?

ఆదివారం పొద్దున్నే అన్న కారు మా ఇంటి ముందు ఆగింది. ముగ్గురూ దిగారు. ఐసు తమ్ముడి భుజం మీద నిమ్మకాయల మూట ఒకటి. ఉత్త చేతులతో రావడం ఎలాగో తెలియక అన్న తెచ్చాడట. ఊరగాయ పెట్టే కాలం కూడా కాదు.

"ఏం చేసుకోను ఇన్ని?" అన్నాను.

"ఉండనీ టీచరమ్మా" అన్నాడు అన్న, వరండాలో బెంచీ మీద కూర్చుంటూ.

స్టూడియో తమ్ముడు కూర్చోలేదు. స్తంభం దగ్గర నిలబడి, నా ముఖం వైపు కాక నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "అక్కా, నేను కావాలని చెయ్యలా. మొగం స్క్రీన్ మీదకి వచ్చినాదంటే నా చెయ్యి ఊరుకోదు. మొటిమలు, గాట్లు, మ..." మళ్ళీ గుటక.

"అను" అన్నాను.

"ఏందక్కా?"

"ఆ మాట అను. ఏడేళ్ళ నించీ మింగతా ఉండావు. అరగలేదా ఇంకా?"

వాడు స్తంభం మీది సున్నం గోటితో గీకాడు. అన్న మధ్యలోకి వచ్చాడు. "నీ మనసు నొచ్చుకుంటాదని గదమ్మా మేం అనంది."

"నొచ్చుకుంటాదని మీకెవరు చెప్పినారన్నా? నేను చెప్పినానా?"

"నువ్వు చెప్పలా" అన్నాడు అన్న. ఆయన గొంతు పెంచడు, మార్కెట్లో కూడా పెంచడు. "పడవెక్కితే నువ్వు ఎప్పుడూ ఒక పక్కనే కూర్చుంటావు. ఎడమ చెంప నీళ్ళ తట్టు, కుడి చెంప మా తట్టు. కారెక్కినా అంతే, కిటికీ ఆ పక్కది కావాలంటావు. నువ్వు దాస్తా ఉంటే మేం ఎట్టా అంటాం తల్లీ? నువ్వు ఎట్టుంటే మేం అట్టున్నాం."

ఆ కిటికీ పక్క సీటు కోసం నేను ఎన్నిసార్లు గొడవపడ్డానో నాకు తెలుసు. వాంతులవుతాయని అబద్ధం కూడా చెప్పాను. ఓడిపోయినప్పుడు నాకు నోరు ఇంకా పెద్దదవుతుంది, అందుకని అన్నను వదిలేసి తమ్ముడి మీద పడ్డాను.

"మీ నాయన కూడా నాకు ఇట్టనే చేసినాడు" అన్నాను. కావలి సంబంధం కథంతా చెప్పాను. ముప్పై ఏళ్ళుగా మా ఇంటి గడప దాటని కథ అది. పెద్దమ్మ అన్న మాట, వాళ్ళు తాగి పోయిన కాఫీలు, అన్నీ చెప్పాను. మా ఆయన లోపల్నుంచి టీ గ్లాసులు తెచ్చి ఇస్తూ ఆ కథ వినీ విననట్టు విన్నాడు.

స్టూడియో తమ్ముడు అప్పుడు బెంచీ మీద కూలబడ్డాడు. "నాయన అద్దం కింద లైటు పెట్టుకోని నెగెటివులు గీస్తా ఉంటే పక్కనే కూర్చోని చూసేవాణ్ణి" అన్నాడు. "అందులో నువ్వున్నావని తెలవదక్కా." తర్వాత నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగాడు. "కానీ ఒకటి చెప్పు. ఉన్నదున్నట్టు తీసి ఇస్తే స్టూడియోకి ఎవురొస్తారక్కా?"

"నేనొస్తా" అన్నాను.

కోపంలో అన్నాను. అనేశాక నా మాట నాకే వినబడింది. ముగ్గురూ నా వంక చూశారు. ఐసు తమ్ముడు చేతిలో టీ గ్లాసు గటగటా తాగేసి లేచాడు. "అయితే ఇంకేం, పదండి. రేపే సోమవారం, ఆ ఏజెంటమ్మ చెప్పిన గడువు. మావి గూడా మళ్ళా తీయాల."

కారెక్కేటప్పుడు అన్న ఏమీ అనకుండా నాకు అలవాటైన కిటికీ తలుపు తీసి పట్టుకున్నాడు. నేను అటు తిరిగి వెళ్ళి రెండో పక్క ఎక్కాను. నెల్లూరు దాకా నా ఎడమ పక్కన ఐసు తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు కానీ, ఏం మాట్లాడాడో నాకు గుర్తులేదు. చెంప మీద ఎండ పడినట్టు దారంతా ఒకటే మంట, నిజంగా ఎండ పడలేదు.

ఆదివారం కాబట్టి స్టూడియో మూసి ఉంది. తమ్ముడు షట్టరు ఎత్తి, లైట్లు వేసి, వెనక తెల్లగుడ్డ దించాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. నా మెడ దానంతటదే కుడి చెంప ముందుకు వచ్చేలా తిరిగింది. "నేరుగా అక్కా" అన్నాడు. తిప్పుకున్నాను. మళ్ళీ జరిగింది. మళ్ళీ "నేరుగా" అన్నాడు. మూడోసారికి వాడే వచ్చి, గడ్డం ముట్టుకోకుండా గాల్లోనే చేత్తో చూపించి సరిచేశాడు. పెళ్ళికూతుళ్ళకు చేసే పద్ధతే. కెమెరా క్లిక్కుమన్నప్పుడు కళ్ళు మూయకుండా ఉండడానికి నేను పడ్డ కష్టం నాకే తెలుసు.

ఫోటో కంప్యూటర్ తెర మీదకు వచ్చింది. ఈసారి లేచి వెళ్ళి వాడి కుర్చీ వెనక నిలబడ్డాను. అన్న, ఐసు తమ్ముడు అటూ ఇటూ నిలబడ్డారు. తెర పెద్దది, నా ముఖం తెర నిండా ఉంది. అంత పెద్దగా నన్ను నేను ఎన్నడూ చూసుకోలేదు. జుట్టు చెవి పక్కన తెల్లబడింది. ముక్కు మా అమ్మదే. వాడి కుడిచెయ్యి మౌసు మీద ఉంది, తెర మీద బాణం గుర్తు నా ఎడమ చెంప దాకా వచ్చి ఆగింది. కొంచెం సేపటికి వాడు ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చాల్లే అక్కా, ఇది పంపిద్దాం" అన్నాడు. "మచ్చ బాగానే కనపడతా ఉండాది."

ఆ మాట వాడి నోట్లోంచి ఊరికే వచ్చేసింది, వచ్చిన సంగతి వాడికి తెలియను కూడా తెలియలేదు. మిగతా ఇద్దరూ తెర చూస్తున్నారు, ఎవరూ తల వంచుకోలేదు. నేను కూడా ముందుకు వంగి చూశాను. ఏడేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, వాడు లైటు కుడి పక్కనే పెట్టి తీశాడు. ఎడమ చెంప సగం నీడలో ఉంది. వీసా ఫోటోలో నీడ ఉండకూడదు. అదొక్కటే కాదు, ఫోటోగా కూడా అది బాగాలేదు.

"కనపడేది సగమే" అన్నాను. "ఎడమ పక్క లైటు చాల్లేదు. ఇంకా దగ్గరికి పెట్టు."

వాడు లేచి లైటు స్టాండు ఈడ్చుకుంటూ ఎడమ పక్కకు తెచ్చాడు. నేను వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను.